బడి విడిచిన మరునాడు

పాత కరీంనగరము జిల్లాలో ఏ యింటనైనను ఇనుపపెట్టె అడుగున ఒక కాగితము భద్రముగా నుండును. పట్టాదారు పాసుపుస్తకము ప్రక్కన, ప్లాస్టికు సంచిలో చుట్టి దానిని దాచెదరు. ఆ యింటి కుమారుడో కుమార్తెయో పదవ తరగతి ఉత్తీర్ణులైనప్పుడు వచ్చిన మెమో అది. పుట్టిన తేది యెప్పుడని అడిగినచో దానిని చూచియే చెప్పుదురు. పల్లెలలో జననముల నమోదు సరిగా లేని కాలమున బడిలో చేర్చుకొన్న పంతులుగారే ఊహించి ఒక తేదిని వ్రాసెడివారు. జూన్, జూలై మాసములలో పుట్టినవారు మన పెద్దలలో అంతమంది యుండుటకు కారణమిదియే. ఆ ఒక్క కాగితము మనుష్యునకు జన్మదినమును, చదువుకొన్నవాడను పేరును, ఒకప్పుడు విదేశమునకు పోవు వీలును గూడ ఇచ్చుచున్నది. అది చేతికి వచ్చిన మరునాడు ఏమి చేయవలెనో మాత్రము చెప్పదు. ఆ మాట పిల్లలకు ఎవరు చెప్పిరి, ఎప్పటినుండి చెప్పిరి అనునదే మేమిచ్చట విచారింపదలచిన విషయము. కరీంనగరమునకు ఉత్తరముగా నున్న చొప్పదండిలో ఒక విద్యాలయము ఏటేట ఈ ప్రశ్న నెదుర్కొనుచున్నది. దాని కథకు పోవుటకు ముందు మనము కొంత వెనుకకు పోవలెను.

నిజాం పాలనలో ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము తక్కువ. ఉన్నత పాఠశాల యనునది పల్లెకు అందని దూరమున ఉండెను. వీధిబడిలో ఓనమాలు దిద్దిన పిల్లవాడు తాలూకా పట్టణమునకు పోయి, అచ్చట ఉర్దూలో చదువును మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను. ప్రభుత్వపు అనుమతి లేనిదే ఖాన్గీ పాఠశాల నడుపరాదను నిబంధన ఒకటి తోడయ్యెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య గరపిన గొప్ప ప్రయోగమే. అందు సందేహము లేదు. కాని తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడు ప్రజలు అధికముగా గల రాజ్యములో మెట్రిక్ పరీక్షకు దారి ఉర్దూ మీదుగానే పోయెను. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లలోను, కరీంనగరములోను, తరువాత హైదరాబాదులోను చదివినది ఉర్దూ మాధ్యమముననే. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును తెలుగు కవిత్వమునకు తెచ్చిన వ్యక్తి చరిత్రను, పౌరశాస్త్రమును ఉర్దూ పుస్తకములలో చదువుకొనిరి. అంతటి ప్రజ్ఞ గలవారు గట్టెక్కిరి. భాష అడ్డుపడి నడుమనే బడి మానిన పిల్లల పేర్లు ఏ చరిత్రలోను లేవు. మెట్రిక్ గడచినవానికి మరునాటి చింత అంతగా లేదు. తహశీలు కచేరీలో అహల్కారు ఉద్యోగము దొరకినచో ఊరంతయు గొప్పగా చెప్పుకొనెడిదని పెద్దలు అనుచుందురు. గడచినవారు కొద్దిమంది కనుక చోటు దొరకెను.

మాతృభాషలో చదువు కావలెనను కోరిక ఆంధ్రమహాసభలలో పదే పదే వినవచ్చెను. ఆ మహాసభ నాల్గవ సమావేశము 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగెను. హనుమంతరావుగారు తీర్మానములతో తృప్తిపడిన వారు కారు. 1928లోనే హైదరాబాదులో తెలుగు మాధ్యమముతో బాలికల పాఠశాలను నెలకొల్పిరి. పై తరగతులు వచ్చుసరికి చిక్కు ఎదురయ్యెను. తెలుగులో చదివిన బాలికకు ఉస్మానియా పరీక్ష లేదు. పరీక్ష లేని చదువునకు విలువ ఎక్కడిది? అప్పుడాయన మహారాష్ట్రమున కర్వే మహాశయుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు తమ పాఠశాలను అనుబంధింపజేసి, బాలికలచే ఆ పరీక్షలు వ్రాయించిరి. చదువు హైదరాబాదులో, పరీక్ష పరాయి రాష్ట్రమువారిది. బడి విడిచిన మరునాడు ఆ బాలిక ఏ గుమ్మము ముందు నిలుచునో ముందుగా ఆలోచించి, ఆ గుమ్మము తెరపించిన పిమ్మటనే పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు తెలంగాణములో మాకు తెలిసినంతలో ఆయనయే మొదటివారు.

మూడేండ్లకే మరియొక గుమ్మము మూతపడెను. 1938లో వందేమాతరము పాడిరను కారణమున ఉస్మానియా విద్యార్థులనేకులు బహిష్కృతులైరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. అట్లు చదువు తెగి నాగపూరు చేరినవారిలో వంగర గ్రామమునకు దత్తత వచ్చిన యువకుడొకడు ఉండెను. ఆయనయే పి.వి. నరసింహారావుగారు. ఈ పేరు మరల రాగలదు.

1948లో హైదరాబాదు భారతదేశములో విలీనమైన పిమ్మట బడులలో తెలుగు వచ్చెను, బడులు పెరిగెను. అప్పుడు గాని మరునాటి ప్రశ్న నిజముగా పుట్టలేదు. దానికి సమాధానము చెప్పబూనినది డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యా సంఘము. ఉన్నత పాఠశాల యనునది విశ్వవిద్యాలయమునకు మెట్టు మాత్రమే కాదనియు, చదువుకొనువారిలో అధికులకు అదియే చదువు ముగియు చోటనియు ఆ సంఘము 1953లో స్పష్టముగా చెప్పెను. బహుళార్థ పాఠశాలలు పెట్టుడనెను. వాటిలో మానవశాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అని ఏడు శాఖలు. పిల్లవాని అభిరుచి నెరిగి దారి చూపు మార్గదర్శకుడు ప్రతి బడిలో నుండవలెననెను. 1954లో ఢిల్లీలో కేంద్ర మార్గదర్శక సంస్థయు వెలసెను. ఈ విషయములో ఇంతకంటె మంచి ఆలోచన తరువాత రాలేదని మా అభిప్రాయము. అయినను అది నిలువలేదు. సాంకేతిక శాఖకు కర్మశాల కావలెను, వ్యవసాయ శాఖకు భూమియు బావియు కావలెను, ఇవి నేర్పు గురువులు కావలెను. ఇవన్నియు ఒకచోట కూడుట అరుదు. అంతకంటె పెద్ద అడ్డంకి తల్లిదండ్రుల మనస్సులో నుండెను. నాగలి పట్టుట నేర్పుటకు బడి యెందులకు, అది ఇంటివద్ద నేర్పలేమా యని రైతు అడిగెను. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయుటకు వీలు లేదు. తరతరములు మట్టిలో శ్రమించినవాడు కుమారుని బడికి పంపినది మట్టినుండి తప్పించుటకే గదా.

1956లో కరీంనగరమున శ్రీ రాజరాజేశ్వర కళాశాల వెలసినందున డిగ్రీ చదువునకు వరంగల్లుకో హైదరాబాదునకో పోవలసిన అగత్యము కొంత తగ్గెను. కొఠారి సంఘము 1966లో సూచించిన పది, రెండు, మూడు ఏండ్ల క్రమమునకు అనుగుణముగా ఆంధ్రప్రదేశములో 1969లో రెండేండ్ల ఇంటర్మీడియేటు మొదలై, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడెను. ఇందొక సంగతి ఎవరును గమనింపలేదు. పదునైదేండ్ల పిల్లవాడు ఇప్పుడు బడి విడిచి కళాశాల విద్యార్థి అయ్యెను. దారి చూపు బాధ్యత బడి చేతినుండి జారెను. కళాశాల దానిని అందుకొనలేదు. అదే 1969లో తెలంగాణ యంతటను విద్యార్థులు వీథులలోనికి వచ్చిరి. ఉద్యోగములు స్థానికులకే దక్కవలెనను ఆ ఉద్యమములో బడులు నెలల తరబడి మూతపడి ఒక విద్యాసంవత్సరమే పోయెను. మరునాడు ఏమి అను ప్రశ్ననే ఆ పిల్లలు బిగ్గరగా అడిగిరని మేము తలచుచున్నాము.

ఆ కాలమున మెమో వచ్చిన వారములోనే కరీంనగరము పోయి ఉపాధి కల్పనా కార్యాలయములో పేరు వ్రాయించుకొనుట ఒక తంతు. సైన్యమునుండి విడుదలైన సిపాయిల కొరకు 1945లో ఆరంభమైన ఏర్పాటు ఇది. 1959 చట్టముతో ఖాళీలను ఆ కార్యాలయములకు తెలుపుట విధిగా చేయబడెను. కార్డు తెచ్చుకొని, గడువు తీరకముందే పోయి పునరుద్ధరించుకొనుచు, పిలుపు ఉత్తరమునకై ఎదురు చూచుచు తలలు నెరసినవారున్నారు.

పిలుపు నిజముగా వచ్చినది గోదావరి యొడ్డునుండి. సింగరేణి గనులు గోదావరిఖనికి విస్తరించెను. రామగుండములో విద్యుత్కేంద్రములు, ఎరువుల కర్మాగారము లేచెను. ఐ.టి.ఐ.లో ఫిట్టరో, ఎలక్ట్రిషియనో అయినవానికి బి.ఏ. చదివినవానికంటె ముందుగా జీతము వచ్చు కాలము అది. మొదలియారు సంఘము చెప్పినది బడిలో నెరవేరక, ప్రక్కదారిని నెరవేరెనన్నమాట. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడెను. మరల వేరొక సంస్థగా 2021లో గాని తెరువబడలేదు. ఇరువది ఏండ్లలో ఒక పట్టణము లేచి పడినది. ఒకే పనిని నేర్చినవానికి ఆ పని పోయినచో ఏమగునో ఏ పాఠ్యపుస్తకములోను లేదు.

రెండవ దారి సముద్రము దాటి పోయెను. 1970 దశకమునుండి జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగరము ప్రాంతపు యువకులు దుబాయి, మస్కటు, సౌదీలకు పోసాగిరి. ఇచ్చట మన మెమో మరల తల యెత్తును. 1983 నాటి వలసల చట్టము ననుసరించి పదవ తరగతి దాటనివాడు గల్ఫు దేశములలో పనికి పోవలెనన్నచో ప్రభుత్వపు తనిఖీ పొందవలెను. దాటినవానికి అది అవసరము లేదు. చదువుకొన్నవాడు తన ఒప్పందపత్రమును తాను చదువుకొని మోసపోకుండ జాగ్రత్తపడునని దాని యుద్దేశము. ఆ పత్రము అరబ్బీలోను ఇంగ్లీషులోను ఉండును. మన పిల్లవాడు తెలుగులో చదివి, ఇంగ్లీషు ప్రశ్నకు జవాబు కంఠస్థము చేసి ఉత్తీర్ణుడైనవాడు. ఒప్పందమనగా నేమి, జీతములో ఏమేమి కోతపడును, పాసుపోర్టు ఎవరి చేతిలో నుండవలెను అను నాలుగు మాటలు ఒక్క గంటలో చెప్పవచ్చును. ఇన్ని వేలమంది పోయిన ప్రాంతములో ఆ గంట ఏ బడి కాలపట్టికలోను చేరలేదు. పోయి వచ్చినవారి అనుభవములే వెనుకటివారికి పాఠములు. కొందరు రానేలేదు.

ఇక వంగర యువకుని సంగతి. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రియైన నరసింహారావుగారు ఆ నవంబరులోనే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను ప్రారంభింపజేసిరి. పల్లెలోని తెలివిగల పేదపిల్లవానికి తిండి, వసతి, చదువు ఒకేచోట ఇచ్చినచో పట్టణపు పిల్లవానితో సమానముగా నిలుచునను నమ్మకము దాని పునాది. 1985లో ఆయన కేంద్రమున మానవవనరుల అభివృద్ధి శాఖ మంత్రియైరి. ఆ విద్యాసంవత్సరములోనే ఝజ్జరులోను, మహారాష్ట్రపు అమరావతిలోను ప్రయోగముగా రెండు నవోదయ విద్యాలయములు మొదలయ్యెను. 1986 జాతీయ విద్యావిధానము వాటిని జిల్లాకొకటిగా విస్తరింపజేసెను. కరీంనగరము జిల్లాది చొప్పదండిలోను, ఆదిలాబాదు జిల్లాది కాగజునగరములోను వెలసెను.

ప్రవేశపరీక్ష ద్వారా ఆరవ తరగతిలో గరిష్ఠముగా 80 మందిని తీసికొందురు. అందు 75 శాతము పల్లె పిల్లలు, మూడవ వంతునకు తక్కువ కాకుండ బాలికలు. పిల్లలను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అను నాలుగు సదనములుగా విభజింతురు. తొమ్మిదవ తరగతిలో ముప్పది శాతము పిల్లలను ఒక సంవత్సరము హిందీ రాష్ట్రపు నవోదయకు పంపి, అచ్చటివారిని ఇచ్చటికి రప్పింతురు. చొప్పదండి పిల్లవాడు పదునాలుగేండ్లకే పరాయి భాషలో తిండి అడుగుట నేర్చుకొనును. మరునాటి జీవితమునకు ఇంతకు మించిన సన్నాహము పుస్తకములలో లేదని మేము నమ్ముదుము. మరియొక విశేషము, ఇచ్చట బడి పండ్రెండవ తరగతి వరకు బడియే. పదవ తరగతితో పిల్లవాడు చేయి జారడు. ఏడేండ్లు చూచిన గురువు అతని చివరి సంవత్సరములో గూడ ప్రక్కనే యుండును.

లోపము లేదని కాదు. ఏడేండ్లు గంట కొట్టగా లేచి, గంట కొట్టగా తిన్నవానికి హైదరాబాదులో అద్దెగది, కరెంటు బిల్లు, వంట క్రొత్త. కాగితముల చిక్కు సరేసరి. ఆధారు కార్డులోని పేరునకు, మెమోలోని పేరునకు ఒక్క అక్షరము తేడా వచ్చినను కౌన్సెలింగు నాడు తండ్రి కచేరీల చుట్టు తిరుగవలెను. కుల, ఆదాయ ధ్రువపత్రములు మండల కార్యాలయమునుండి వేళకు తెచ్చుకొనవలెను. 1974 ప్రవేశముల ఉత్తర్వు స్థానికుడెవరో తేల్చుటకు ఎడతెగక నాలుగేండ్లు ఎచ్చట చదివెనో చూడుమన్నది. దానితో బడి ఇచ్చు చదువు పత్రమునకు భూమి పత్రముతో సమానమైన బలము వచ్చెను. ఇంటిలో మొదటిసారి ఇంతవరకు చదివిన పిల్లకు ఈ సంగతులు చెప్పగలవారు ఇంటిలో లేరు. బడియే చెప్పవలెను. పూర్వవిద్యార్థులు వచ్చినప్పుడు ఇంజనీరింగు, వైద్యము మాటలతో బాటు ఇవి గూడ చెప్పినచో ఎంతో మేలు.

2008లో బాసరలో పదవ తరగతి ముగిసినవారికి ఆరేండ్ల సాంకేతిక విద్యాలయము వచ్చెను. 2016లో కరీంనగరము జిల్లా ముక్కలయ్యెను. 2024 డిసెంబరులో తెలంగాణకు మంజూరైన ఏడు నవోదయలలో ఒకటి జగిత్యాలకు వచ్చినది. గుమ్మములు పెరిగెను. అయినను 2019 ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన దినములలో రాష్ట్రమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మరుసటి సంవత్సరము అంటువ్యాధి కారణమున పదవ తరగతి పరీక్షలు రద్దుచేసి అందరిని ఉత్తీర్ణులుగా ప్రకటించిరి. ఒక ఏడు తప్పినందులకు బ్రతుకు ముగిసినదని పిల్లలు తలచిన చోటనే, మరుసటి ఏడు పరీక్ష లేకయే తరగతి గడచినది. ఆ పరీక్ష బరువెంతయో తూచి చెప్పుట పిల్లలకు ఎవరును నేర్పి యుండలేదు.

బడి విడుచునప్పుడిచ్చు బదిలీ పత్రములో, అనగా టి.సి.లో, విడుచుటకు కారణము అను గడి ఒకటి యుండును. అందు ఉన్నత విద్య కొరకు అని వ్రాయుట అలవాటు. కళాశాలకు పోవువానికిని అదే, రామగుండములో కాంట్రాక్టు పనికి పోవువానికిని అదే, మూడు మాసములలో పెండ్లి కుదిరిన బాలికకును అదే. వ్రాయు గుమాస్తా తల యెత్తి పిల్లవానిని అడుగడు. వెనుక వరుసలో ఇంకను నలుబదిమంది నిలిచియుందురు.