ఇంటి రీళ్లలో ఇద్దరు స్త్రీలు: అమెరికాలో హోమ్ మూవీలు, లెస్బియన్ చరిత్ర

పరిచయం

ఈ బ్లాకులో ఇంతవరకు శాసనాలు, రెవెన్యూ రికార్డులు, ఉత్తరాలు, ఆత్మకథలు చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడతాయో చదివారు. ఈ పాఠంలో మరో రకం ఆధారాన్ని పరిశీలిద్దాం. కుటుంబాలు తమ కోసమే తీసుకుని, తమ ఇంట్లోనే గోడ మీద వేసుకుని చూసిన చలనచిత్రాలను హోమ్ మూవీలు అంటారు. స్త్రీలను ప్రేమించి, స్త్రీలతో జీవితం పంచుకున్న స్త్రీల, అంటే లెస్బియన్ల, కుటుంబ జీవితం ఈ రీళ్లలో ఎలా నమోదైందో, ఎలా నమోదు కాకుండా పోయిందో తెలుసుకోవడం మన ఉద్దేశం. ఉదాహరణలన్నీ అమెరికా నుంచి తీసుకున్నాం. ఇంటి కెమెరాలు విస్తృతంగా అమ్ముడైన దేశం అది. ఈ రీళ్లను ప్రత్యేకంగా వెతికి భద్రపరిచే పని కూడా అక్కడ జరిగింది.

ముందు ఒక రీలును ఊహించుకుందాం. 1950ల నాటిది. శబ్దం లేదు. ఒక పిల్లవాడి పుట్టినరోజు. పెరట్లో బల్ల, కేకు, కాగితపు టోపీలు. తాత, నానమ్మ, తల్లి, పిల్లలు ఒకరి తరువాత ఒకరు కెమెరా వైపు చూసి నవ్వుతారు. బల్ల చివర ఇద్దరు స్త్రీలున్నారు. ఒకామె ఆ పిల్లవాడి మేనత్త. రెండో ఆమె ఎవరో తెలియదు. ఆ ఏడాది క్రిస్మస్ రీలులోనూ ఆమె ఉంది. మరుసటి వేసవిలో సరస్సు ఒడ్డున తీసిన రీలులోనూ ఉంది. పదేళ్ల రీళ్లు వరుసగా వేసి చూస్తే పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఆ ఇద్దరి జుట్టూ నెరుస్తుంది, ఆమె మాత్రం అదే కుర్చీ పక్కన ఉంటుంది. ఏ ఒక్క దృశ్యమూ దేన్నీ నిరూపించదు. పదేళ్ల వరుస మాత్రం ఏదో చెబుతుంది. అది ఎంతవరకు చెబుతుందన్నదే మన ప్రశ్న.

కెమెరా ఎవరి చేతిలో ఉంది?

ఏ ఆధారం విషయంలోనైనా మొదట అడగవలసింది దాన్ని ఎవరు, ఏ పరిస్థితుల్లో తయారుచేశారని. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును, సినీ-కొడాక్ కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. కెమెరా, ప్రొజెక్టర్, స్టాండు, తెర కలిపి 335 డాలర్లు. ఆ రోజుల్లో ఫోర్డ్ మోడల్ టి కారు ధర కూడా ఇంచుమించు అంతే. కాబట్టి తొలి రీళ్లు సంపన్నుల ఇళ్లవి. 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్ము, 1935-36 నాటికి కొడాక్రోమ్ రంగుల ఫిల్ము, 1965లో సూపర్ 8 వచ్చాయి. ధర తగ్గేకొద్దీ కెమెరా మధ్యతరగతి ఇళ్లలోకి చేరింది. పేదలు, నల్లజాతి కుటుంబాలు ఈ రీళ్లలో తక్కువగా కనిపించడానికి మొదటి కారణం ఈ ఖర్చే.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, 50 అడుగుల సూపర్ 8 కార్ట్రిడ్జి మూడు నిమిషాలకే అయిపోతుంది. అందువల్ల తీసేవాడు ఏది ముఖ్యమనుకుంటే అదే తీస్తాడు. తీసేవాడు చాలా ఇళ్లలో తండ్రి. రెండు, ఫిల్మును ఇంట్లో కడగడం కుదిరేది కాదు. లేబొరేటరీకి పంపాలి, అక్కడ ముక్కూమొహం తెలియనివారు చూస్తారు. ఇద్దరు స్త్రీలు చేయి చేయి పట్టుకుని నడిచే దృశ్యం తీయాలా వద్దా అనే ఆలోచనలో ఆ అపరిచితుడి చూపు కూడా ఉండి ఉంటుంది.

వేడుక లేని జీవితం

ఇంటి కెమెరా వేడుకల క్యాలెండరును అనుసరించి నడుస్తుంది. పుట్టుక, పుట్టినరోజు, పట్టా పుచ్చుకోవడం, పెళ్ళి. మన ఇళ్లలోని పెళ్ళి వీడియో క్యాసెట్ గుర్తు చేసుకోండి. అక్షింతలు వేయడానికి ఎవరు ముందు వచ్చారు, ఫొటోకు ఎవరు ఏ పక్కన నిలబడ్డారు అన్నది చూస్తే చుట్టరికాల పటమంతా తెలిసిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి: ఇద్దరు స్త్రీలు కలిసి బతకాలని నిర్ణయించుకున్న రోజుకు ముహూర్తం లేదు, విందు లేదు, బంధువుల రాక లేదు. కెమెరా పెట్టె తెరవడానికి సందర్భమే లేదు. అందుకే ముప్పై ఏళ్ల వాళ్ల కాపురం ఇతరుల వేడుకల అంచుల్లో మాత్రమే కనిపిస్తుంది. ఈ లోటును ప్రమాదవశాత్తు జరిగిన లోపంగా చూడకూడదు. ఏ సంబంధాన్ని కుటుంబం గుర్తించిందో, దేన్ని చూసీ చూడనట్లు వదిలేసిందో ఈ లోటే మనకు చెబుతుంది.

అయితే అంచున ఉండటం అంటే బయట ఉండటం కాదు. పుస్తకాల్లో చదివే లెస్బియన్ చరిత్రలో ఇంటి నుంచి గెంటివేత, బార్ల మీద పోలీసు దాడులు, వైద్యుల రోగనిర్ధారణలు ఎక్కువగా ఉంటాయి. అవన్నీ నిజమే. ప్రభుత్వ ఉద్యోగుల్లో స్వలింగ ప్రేమికులను తొలగించడానికి దారితీసిన ఐజన్‌హోవర్ ఉత్తర్వు 1953 నాటిది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తొలగించింది 1973లో. పోలీసు రికార్డుల్లో, ఆసుపత్రి కాగితాల్లో దొరికే స్త్రీ నిందితురాలో, రోగో అవుతుంది. ఇంటి రీలులో దొరికే స్త్రీ గిన్నెలు కడుగుతుంది, మేనల్లుడికి ఈత నేర్పుతుంది, కుక్కతో ఆడుతుంది. ప్రభుత్వ దస్త్రాలు ఎన్ని తిరగేసినా ఇది దొరకదు.

పిల్లలు ఆ రెండో ఆమెను ఏమని పిలిచేవారు? చాలా ఇళ్లలో 'ఆంటీ' అనే. ఇంగ్లీషులో ఆ ఒక్క పిలుపుకు అన్ని అర్థాలూ ఒదుగుతాయి. తెలుగులో వర్ణన రాయవలసి వస్తే పిన్ని అనాలా, అత్త అనాలా అన్న దగ్గరే మన కలం ఆగిపోతుంది. మేనత్త భాగస్వామికి మనకు వరుస లేదు.

కలిసి ఉన్నవారందరూ లెస్బియన్లేనా?

ఇక్కడ తొందరపడకూడదు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఇద్దరు చదువుకున్న స్త్రీలు ఒకే ఇంట్లో ఉండటాన్ని 'బోస్టన్ వివాహం' అనేవారు. వారిలో ప్రేమికులున్నారు, గాఢ స్నేహితులున్నారు, అద్దె పంచుకోవడానికి కలిసినవారున్నారు. కాబట్టి ఒక రీలును వీలునామాతో, ఉత్తరాలతో, జనాభా లెక్కలతో, బతికున్నవారి మౌఖిక సాక్ష్యంతో సరిపోల్చుకోవాలి. జనాభా లెక్కలు కూడా చాలాకాలం సాయపడలేదు. అమెరికా సెన్సస్‌లో 'అవివాహిత భాగస్వామి' అనే గడి చేరింది 1990లోనే.

మరోవైపు, పెళ్ళయిన దంపతుల విషయంలో చరిత్రకారులు ఇంత రుజువు అడగరు. పెళ్ళి ఫొటో ఒక్కటి ఉంటే వారు ప్రేమించుకున్నారని రాసేస్తాం. స్త్రీల జంట విషయంలో మాత్రం న్యాయస్థానంలో సరిపోయేంత సాక్ష్యం కావాలంటాం. ఈ తేడాను మీరు గమనించాలి.

ఇంతకూ ఆ ఆధారాలు ఎందుకు దాచారో 1970ల నాటి పిల్లల సంరక్షణ కేసులు చూస్తే తెలుస్తుంది. 1975లో డల్లాస్ నగరంలో మేరీ జో రిషర్ అనే తల్లి మరో స్త్రీతో కలిసి ఉంటోందన్న కారణంతో జ్యూరీ ఆమె చిన్న కొడుకును తండ్రికి అప్పగించింది. అలాంటి తల్లుల సహాయం కోసం 1974లోనే సియాటిల్‌లో ఒక రక్షణ నిధి ఏర్పడింది. బిడ్డను పోగొట్టుకునే భయం ఉన్న ఇంట్లో ఇద్దరూ కలిసి ఉన్న రీలును అల్మరా పైఅరలో దాచిపెట్టడం పిరికితనం కాదు.

కూతుళ్లు మళ్లీ చూసిన రీళ్లు

కొందరు స్త్రీలు తమ చిన్ననాటి రీళ్లను తామే చరిత్రకారుల్లా తిరిగి పరిశీలించారు. జాన్ ఆక్సెన్‌బర్గ్ 1970ల తొలినాళ్లలో తీసిన 'హోమ్ మూవీ' అనే చిన్న చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఇంట్లోవాళ్లు తీసిన ఆమె బాల్యదృశ్యాలున్నాయి, ఆమె చీర్‌లీడరుగా ఎగిరిన దృశ్యాలున్నాయి. వాటి మీద ఆమె తన గొంతుతో వ్యాఖ్యానం చెబుతుంది. చూసేవారికి కనిపించేది అందరిలాంటి అమ్మాయే. ఆ అమ్మాయి లోపల ఏముందో రీలు చూపదు, గొంతు చెబుతుంది. చిత్రమంతా హాస్యంగానే సాగుతుంది. చూసిన తరువాత మాత్రం ఏ పుట్టినరోజు రీలునూ మునుపటిలా చూడలేం.

మిషెల్ సిట్రన్ తీసిన 'డాటర్ రైట్' 1978 నాటిది. తండ్రి తీసిన రీళ్లను ఆమె నెమ్మది చేసి, ఒకే కదలికను మళ్లీ మళ్లీ చూపించింది. మామూలు వేగంలో నవ్వుగా కనిపించినది నెమ్మదిస్తే తడబాటుగా కనిపిస్తుంది. చేయి పట్టుకోవడం లాగడంగా మారుతుంది. రీళ్లలోని కుటుంబానికీ తన జ్ఞాపకంలోని కుటుంబానికీ ఉన్న దూరం గురించి ఆమె 1999లో ఒక పుస్తకమే రాసింది.

రీళ్లే లేనివారి మాటేమిటి? షెరిల్ డన్యే 1996లో 'ద వాటర్‌మెలన్ ఉమన్' అనే చిత్రంలో 1930ల నాటి ఒక నల్లజాతి లెస్బియన్ నటి కోసం వెతుకుతుంది. ఆ నటి కల్పితం. ఆమె 'పాత' ఫొటోలను జో లెనార్డ్ అనే కళాకారిణి కొత్తగా తీసింది, మొత్తం 82. ఇది కల్పన అని చిత్రం చివర స్పష్టంగా చెబుతుంది. ఎవరూ దాచిపెట్టని జీవితాలకు ఆధారాన్ని తయారుచేసుకోవలసి వచ్చిందన్నదే అక్కడి విషయం. చరిత్ర విద్యార్థులుగా మనం అలా చేయకూడదు. అలా ఎందుకు చేయవలసి వచ్చిందో మాత్రం రాయాలి.

డబ్బా మీద రాసిన పేరు

ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు పాడైనప్పుడు పులిసిన వెనిగర్ వాసన వస్తుంది, కుంచించుకుపోతుంది. అంతకంటే ముందే పోయేది దాని అర్థం. వీలునామా లేకుండా ఒక స్త్రీ మరణిస్తే ఆమె సామాను చట్టప్రకారం రక్తసంబంధీకులకు వెళ్లేది. స్వలింగ వివాహానికి అమెరికా అంతటా గుర్తింపు వచ్చింది 2015లోనే. ఎక్కడో దూరాన ఉన్న మేనల్లుడు డబ్బా తెరుస్తాడు. రీలులో రెండో ఆమె ఎవరో అతనికి తెలియదు, లేదా తెలిసినా చెప్పడం ఇష్టం ఉండదు. డబ్బా చెత్తబుట్టలోకో, పాత సామాను అంగడికో చేరుతుంది.

ఈ నష్టాన్ని ఆపడానికే 1974లో న్యూయార్క్‌లో లెస్బియన్ హర్‌స్టరీ ఆర్కైవ్స్ మొదలైంది. తొలి ఏళ్లలో అది జోన్ నెస్లె నివాసంలోనే ఉండేది. మెయిన్ రాష్ట్రంలో లెస్బియన్ హోమ్ మూవీ ప్రాజెక్టు కేవలం ఇలాంటి రీళ్ల కోసమే పనిచేస్తుంది. 2003 నుంచి అనేక నగరాల్లో హోమ్ మూవీ డే జరుపుతున్నారు. ప్రజలు తమ రీళ్లు తెచ్చి అందరితో కలిసి చూస్తారు. రీలు తిరుగుతుండగా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక పేరు చెబితే అది వెంటనే రాసుకోవాలి. ఆ పేరు ఫిల్ములో ఎక్కడా ఉండదు.

అభ్యాసం

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న పాత పెళ్ళి వీడియో ఒకటి, 1990ల నాటిదైతే మంచిది, ఇంటి పెద్దవారితో కలిసి చూడండి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకులను వదిలి, పదేపదే కనిపిస్తూ వరుస తెలియని ఒక వ్యక్తిని ఎంచుకుని, ఆ వ్యక్తి ఎవరో ఎవరెవరు ఏమి చెప్పారో ఒక పేజీలో రాయండి. చెప్పినవారి మాటను, మీ ఊహను వేరువేరు పేరాల్లో ఉంచండి. ఆ వ్యక్తి బతికి ఉంటే, వారి అంగీకారం లేకుండా అసలు పేరు రాయవద్దు. పేరు స్థానంలో 'వ్యక్తి అ' అని రాసి పంపినా మార్కులు తగ్గవు.