మాస్కు మీది ముద్ర వెనుక చరిత్ర

2020లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డు పక్కన అమ్మిన మాస్కులు మీకు గుర్తుండే ఉంటాయి. చాలావాటి మీద ‘ఎన్95’ అని అచ్చువేసి ఉండేది. అచ్చు ఎవరైనా వేయగలరు. ఆ పేరు మాత్రం అమెరికా ప్రభుత్వ ఆమోదానికి చెందినది.

1930 ప్రాంతంలో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ సొరంగం తవ్విన కూలీలు సిలికా ధూళి పీల్చి వందల సంఖ్యలో మరణించారు. 1934లో ఆ దేశపు గనుల శాఖ ధూళి రెస్పిరేటర్లను పరీక్షించి ఆమోదించసాగింది. ఆ బాధ్యత తరువాత నియోష్ సంస్థకు సంక్రమించింది. కనీసం 95 శాతం సూక్ష్మకణాలను ఆపవలసిన ఎన్95 వర్గాన్ని నియోష్ 1995లో నిర్ణయించింది. ఆ సంస్థ ఆమోదించిన ఎన్95కు తలపట్టీలే ఉంటాయి, చెవులకు తగిలించే తాళ్లు ఉండవు.

మన దేశంలో ఈ పని భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్‌ది. ఇక్కడి ప్రమాణం ఐఎస్ 9473. ఇందులోని తరగతుల పేర్లు ఎఫ్‌ఎఫ్‌పీ1, 2, 3. రెండవది 94 శాతం వడకట్టాలి. తయారీదారు దరఖాస్తు చేస్తే అధికారులు కర్మాగారాన్ని తనిఖీ చేస్తారు, నమూనాలు ప్రయోగశాలకు వెళతాయి. అక్కడ ఉప్పు కణాలతోను, పారఫిన్ నూనె తుంపరతోను వడపోతను కొలుస్తారు. మనుషులకు తొడిగి నడిపించి, అంచుల నుంచి లోనికి చొరబడేదెంతో కూడా చూస్తారు. వైద్యుడిగా నాకు ఈ పరీక్షే అన్నింటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ముక్కు పక్కన సందు మిగిలితే ఎంత మేలైన వడపోత పొరైనా వృథాయే కదా!

లైసెన్సు లభించాకే ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే సంఖ్య వేయాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు పేరు, లైసెన్సు గడువు మీకే కనిపిస్తాయి.