నయం చేసే ఇల్లు

మా పిన్ని కూతురు విజయవాడ నుంచి వచ్చిందంటే లాడ్‌బజారు తప్పదు. మొన్న డజన్లకొద్దీ గాజులు కొనుక్కుని తిరిగి వస్తూంటే మా ఆటో పాతబస్తీ రద్దీలో చిక్కుకుని కదలనంది. అది తల బైటికి పెట్టి ఒక బోర్డు చదివి, "దారుల్‌షిఫా అంటే ఏమిటక్కా?" అంది.

"దార్ అంటే ఇల్లు. షిఫా అంటే రోగం నయం కావడం. నయం చేసే ఇల్లన్నమాట."

"ఆసుపత్రా? ఏదీ, నాకు కనబడదేం?"

కనబడకపోవడం దాని తప్పు కాదు పాపం! చార్మినారు కట్టిన నాలుగేళ్లకి, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన రెండంతస్తుల రాతి భవనం అది. మధ్యన విశాలమైన ముంగిలి, చుట్టూ రోగులుండే గదులు. దగ్గర్లోనే మసీదు, బాటసారులు దిగడానికి సరాయి. యునానీ వైద్యం నేర్పే బడి కూడా అక్కడే. రోగులకి మందూ, తిండీ, పడకా అన్నీ సర్కారు ఖర్చే. ఇప్పుడు మిగిలిన గోడల్ని ఇళ్లూ దుకాణాలూ కమ్ముకున్నాయి. ముంగిట్లో ఆషూర్‌ఖానా మాత్రం భక్తులతో కళకళలాడుతూంటుంది.

రాజులంతా ధర్మప్రభువులని నేననను. అది నవాబుగారి దయే గాని జనం హక్కు కాదు. కానీ ఒక్క సంగతి నా మనసుకి పట్టుకుంది. రోగిష్టివాళ్ల కోసం కట్టిన ఆ ఇల్లు ఊరికి దూరంగా ఎక్కడో లేదు. బజారు పక్కన, రాజుగారు తిరిగే దారిలో, నలుగురి కళ్లెదుటా ఉంది.

తర్వాత మనం చేసిందేమిటి? మతి చలించినవాళ్లని నిజాము కాలంలో ఎక్కడో ఔరంగాబాదు వైపు జాల్నాలో ఉంచారు. 1953లో ఆ ఆసుపత్రి ఎర్రగడ్డకొచ్చింది. అప్పటికి అది ఊరి చివర. ఆ పేరు చివరికి మన నోళ్లలో తిట్టయి కూర్చుంది. "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అని పిల్లల్ని ఎన్నిసార్లు అనలేదూ మనం? జబ్బు నయమయ్యాక కూడా ఇంటికి తీసుకుపోయేవాళ్లు రాక అలాంటి చోట్ల ఏళ్లకేళ్లు ఉండిపోయే ఆడవాళ్లుంటారు. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి నా నోట ఆ తిట్టు రావడం లేదు.

ఇక వీధిన పడ్డవాళ్లు. 1977లో మన రాష్ట్రంలో భిక్షాటన నిరోధక చట్టం వచ్చింది. అడుక్కోవడం నేరమయింది. నేరమన్నాక కటకటాలు ఎంతోదూరం ఉండవుగా! 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు మన ఊళ్లో జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బ్రహ్మాండమైన విందు! అంతకుముందే పోలీసులు రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించి, కూడళ్లలో ఉన్నవాళ్లని వ్యానుల్లో ఎక్కించారు. మగవాళ్లని చంచల్‌గూడ జైలు ఆవరణలోకి, ఆడవాళ్లని చర్లపల్లి జైలు ఆవరణలోకి. రెండు చోట్లా పేరు ఒకటే, ఆనందాశ్రమం. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవాళ్లకి 500 రూపాయల బహుమానం కూడా ప్రకటించారు. అక్కడ స్నానమూ తిండీ మందులూ దొరికిన మాట నిజమే, కాదనను. ఇక అడుక్కోమని మాటిచ్చినవాళ్లని చాలామందిని వదిలేశారు కూడా. అయినా ముసలి ప్రాణానికి అన్నం పెట్టడానికి మనకి జైలు ఆవరణ తప్ప వేరే చోటు దొరకలేదా?

చట్టాలకేం కొదవలేదు లెండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకని 2007లో కేంద్రం చట్టం చేసింది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, దిక్కులేని వృద్ధులు 150 మంది పట్టేట్టు ప్రభుత్వాలు ఆశ్రమాలు పెట్ట'వచ్చు' అంది. పెట్ట'వలెను' అనలేదు. ఈ 'వచ్చు'లోని మర్మం మనకి తెలియంది కాదు. మావారు కూడా ఆదివారంనాడు కూరలు తరగవచ్చు! ఇల్లు విడిచిన ఆడవాళ్లకి ఆసరా ఇచ్చే పథకం పేరు మొదట స్వధార్, తర్వాత స్వధార్ గృహ్, 2022లో శక్తి సదన్. బోర్డుల మీద రంగు ఆరకముందే పేరు మారిపోతుంది.

ఈ మధ్య ప్రభుత్వాల మొగ్గు పడకల మీదకన్నా పైకం మీదే ఎక్కువ. తెలంగాణలో 2014లో ఆసరా పింఛను నెలకి 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది. ఇంట్లో ఓ మూల చోటున్న ముసలమ్మకి అది కొండంత అండ. చేతిలో తనదంటూ నాలుగు డబ్బులుంటే కోడలి పలకరింపులో కూడా తేడా వస్తుంది, నిష్ఠూరమైనా నిజం. కానీ ఆ మూలే లేనిదానికి?

ఆటో కదలదని తేలిపోయి మేం దిగి నడిచాం. మసీదు గోడ నీడన ఒక అవ్వ కూర్చునుంది. మా చెల్లెలు పది రూపాయలిచ్చి, "ఎక్కడుంటావవ్వా?" అంది, ఊరుకోకుండా.

"ఈడనే," అంది అవ్వ. తర్వాత ఏం తోచిందో, "ఓపాలి నన్ను బండిలెక్కించుకపోయిన్రమ్మా. అన్నం పెట్టిన్రు, కొత్త చీర గూడ ఇచ్చిన్రు" అంది.

"మరి అక్కడే ఉండకపోయావా?"

అవ్వ నోట్లోని ఆకు పక్కకి జరుపుకుంది. "తలుపుకి లోపల గడె లేదు బిడ్డా. తాళం బయట ఉండె."

మా చెల్లెలు గాజుల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.