సరోగసీలో ప్రసవ స్థల నిర్ణయం

సంతానం కలగని దంపతుల కొరకు మరొక స్త్రీ గర్భం ధరించి, బిడ్డను కని వారికి అప్పగించే పద్ధతిని సరోగసీ లేదా అద్దె గర్భం అంటారు. ఇందులో ప్రసవం ఎక్కడ జరగాలన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. గర్భం మోసిన తల్లి క్షేమం, శిశువు జనన నమోదు, తల్లిదండ్రుల గుర్తింపు దానితో ముడిపడి ఉన్నాయి.

నేపథ్యం

2015కు ముందు విదేశీ దంపతులు సరోగసీ కొరకు భారతదేశానికి వచ్చేవారు. గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం ఇందుకు పేరుపొందింది. 2008 జూలైలో అక్కడ ఒక జపాన్ దంపతుల కొరకు ఆడశిశువు జన్మించింది. అప్పటికే ఆ దంపతులు విడిపోయారు. పాపను స్వదేశానికి తీసుకువెళ్లే పత్రాల విషయంలో చిక్కులు ఏర్పడి, వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. పుట్టిన చోటు, తల్లిదండ్రుల దేశం వేరైనప్పుడు శిశువు ఎంత అనిశ్చితిలో పడగలదో ఈ ఉదంతం చాటింది. 2015 నవంబరులో విదేశీయులకు ఈ సేవలను నిలిపివేశారు.

చట్టం

సరోగసీ (నియంత్రణ) చట్టం, 2021 ప్రకారం 2022 జనవరి 25 నుండి వాణిజ్య సరోగసీ నిషిద్ధం. గర్భం మోసే స్త్రీ వివాహిత అయి, సొంత బిడ్డ కలిగి, 25 - 35 ఏళ్ల మధ్య వయసులో ఉండాలి. జీవితంలో ఒక్కసారి మాత్రమే ఇందుకు అనుమతి ఉంది. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే ప్రక్రియ రిజిస్టరైన క్లినిక్‌లోనే జరగాలి. దుష్ఫలితాలన్నీ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. పిండాన్ని ప్రవేశపెట్టక ముందు ఆమె సమ్మతిని ఉపసంహరించుకోవచ్చును. ఆమెకు 36 నెలల ఆరోగ్య బీమా తప్పనిసరి. శిశువు తల్లిదండ్రులెవరో తెలిపే ఉత్తర్వును ముందుగానే మేజిస్ట్రేటు కోర్టు నుండి పొందాలి. ప్రసవానంతరం అదే జనన ధ్రువీకరణకు ఆధారమవుతుంది.

జననాన్ని అది జరిగిన ప్రాంతంలోనే 21 రోజులలో నమోదు చేయించాలి. కావున ఏ ఊరిలో ప్రసవమైతే ఆ ఊరి రిజిస్ట్రారుకే కోర్టు ఉత్తర్వు చూపవలసి ఉంటుంది.

వైద్యపరమైన అంశాలు

కృత్రిమ గర్భధారణలో రక్తపోటు, నెలలు నిండక ముందే కాన్పు వంటి సమస్యలకు అవకాశం ఎక్కువ. కవలలైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. అందువలన శస్త్రచికిత్స, రక్తనిధి, నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం అందుబాటులో ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడం మేలు. శస్త్రచికిత్సకు సమ్మతి తెలుపవలసినది గర్భం మోసిన స్త్రీయే. దంపతుల సంతకం ఆమె సమ్మతికి బదులు కాజాలదు.

హసన్‌పర్తి ఉదాహరణ

హనుమకొండ జిల్లాలోని హసన్‌పర్తికి చెందిన స్త్రీ హైదరాబాదు దంపతుల కొరకు గర్భం మోస్తున్నదనుకుందాం. హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్‌లోని సి.కె.ఎం. ప్రసూతి ఆసుపత్రి, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఆమెకు దగ్గరలో ఉన్నాయి. హైదరాబాదు సుమారు 150 కి.మీ. దూరం. అక్కడ ప్రసవమైతే దంపతులకు, క్లినిక్‌కు అనుకూలం. అయితే చివరి నెలలలో ఆమె తన పిల్లలకు, అయినవారికి దూరంగా ఉండవలసి వస్తుంది. బిడ్డను అప్పగించిన తరువాత ఆమె బాలింత కాలం గడిపేది సొంత ఊరిలోనే గనుక, అక్కడ వైద్యం చూసేదెవరో కూడా తేల్చుకోవాలి. ఈ విషయాలను పిండాన్ని ప్రవేశపెట్టక ముందే, అనగా ఆమెకు కాదనే స్వేచ్ఛ ఉన్నప్పుడే మాట్లాడుకోవడం ఉత్తమం.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో బిడ్డను కన్న స్త్రీయే చట్టరీత్యా తల్లి. తరువాత కోర్టు ఉత్తర్వుతో ఆ హక్కు దంపతులకు బదిలీ అవుతుంది. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. కాలిఫోర్నియాలో ప్రసవానికి ముందే ఉత్తర్వు పొందవచ్చును.