ఈ-స్ప్లాస్ట్ (జార్జియా పాఠశాలల అమ్మకపు పన్ను)

ఈ-స్ప్లాస్ట్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని జార్జియా రాష్ట్రములో ప్రభుత్వ పాఠశాలల భవన నిర్మాణము, మరమ్మతుల కొరకు వసూలు చేసే ఒక స్థానిక అమ్మకపు పన్ను. దీని పూర్తి పేరు "ఎడ్యుకేషన్ స్పెషల్ పర్పస్ లోకల్ ఆప్షన్ సేల్స్ ట్యాక్స్". విద్య కొరకు, ఒక నిర్దిష్ట ప్రయోజనమునకై, స్థానిక ప్రజల ఇష్టముపై విధించే అమ్మకపు పన్ను అని ఈ పేరునకు అర్థము. పన్ను రేటు 1 శాతము. ఒకసారి ఆమోదము పొందిన పన్ను అయిదు సంవత్సరములకు మించి అమలులో ఉండదు. గడువు తీరిన పిదప కొనసాగవలెనన్నచో ఓటర్లు మరల ఓటు వేసి అంగీకరించవలెను. ఇతర పన్నుల నుండి దీనిని వేరు చేసే ముఖ్య లక్షణము ఇదే.

భారతదేశములో 2004లో ప్రవేశపెట్టిన విద్యా సెస్సుతో దీనిని పోల్చవచ్చును గాని, పోలిక కొంతవరకే చెల్లుతుంది. సెస్సును పార్లమెంటు విధించినది. ఆ సొమ్ము దేశమంతటికి చెందినది. ఈ-స్ప్లాస్ట్ ఒక కౌంటీలో పుట్టి ఆ కౌంటీలోనే ఖర్చగును. కౌంటీ అనగా దాదాపు మన జిల్లా వంటి పాలనా విభాగము.

నేపథ్యము

జార్జియాలో 159 కౌంటీలు కలవు. ప్రతి కౌంటీకి ఒక పాఠశాలా వ్యవస్థ ఉన్నది. ఇవి గాక 21 నగరములకు స్వంత పాఠశాలా వ్యవస్థలు కలవు. ఈ 180 వ్యవస్థలకు స్థానికముగా వచ్చే ఆదాయములో అత్యధిక భాగము ఆస్తి పన్ను. కౌంటీ పాఠశాలల ఆస్తి పన్నుకు రాష్ట్ర రాజ్యాంగము సాధారణముగా 20 మిల్లుల పరిమితి విధించినది. మిల్లు అనగా పన్ను లెక్కకు తీసుకొను ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు.

జీతములు, నిర్వహణ పోగా ఆస్తి పన్నులో క్రొత్త భవనములకు మిగిలేది స్వల్పము. అందుచేత బడి కట్టవలసి వచ్చినపుడు బోర్డులు ఓటర్ల అనుమతితో బాండ్లు అమ్మి అప్పు తెచ్చేవి. ఆ అప్పు, దానిపై వడ్డీ తీర్చుటకు ఆస్తి పన్నునే పెంచేవారు. ఇల్లు తప్ప వేరే రాబడి లేని వృద్ధులకు ఇది భారమయ్యేది. ఇంతలో అట్లాంటా నగరము చుట్టుప్రక్కల జనాభా వేగముగా పెరిగినది. గ్విన్నెట్ వంటి కౌంటీలలో తరగతి గదులు చాలక బడి ఆవరణలో ట్రెయిలర్లు నిలిపి పాఠములు చెప్పవలసి వచ్చినది.

రహదారులు, జైళ్ళు మొదలగు కౌంటీ పనుల కొరకు 1985 నుండే స్ప్లాస్ట్ అను 1 శాతపు ప్రత్యేక అమ్మకపు పన్ను వాడుకలో ఉన్నది. పాఠశాలా బోర్డులకు ఆ అవకాశము లేదు. 1996 నవంబరు ఎన్నికలలో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో బోర్డులకు కూడా అటువంటి అధికారము లభించినది. 1997 నుండి కౌంటీలు ఒకటొకటిగా ఈ పన్నును ఆమోదించసాగినవి.

పనిచేయు విధానము

ముందుగా పాఠశాలా బోర్డు ఒక తీర్మానము చేయును. ఏ ప్రయోజనములకు, గరిష్ఠముగా ఎంత మొత్తము, ఎంతకాలము వసూలు చేయుదురో అందులో చెప్పవలెను. ఆ విషయమును క్లుప్తముగా బ్యాలెట్టు పత్రముపై ముద్రించి ఓటర్లను అవును లేక కాదు అని అడుగుదురు. పోలైన ఓట్లలో సగము కంటె ఎక్కువ వచ్చిన చాలును. ఆ తరువాత దుకాణదారులు అమ్మకములపై పన్ను వసూలు చేసి రాష్ట్ర రెవెన్యూ శాఖకు చెల్లించెదరు. శాఖ తన ఖర్చుల క్రింద 1 శాతము మినహాయించుకొని మిగిలినది పాఠశాలా వ్యవస్థలకు పంపును.

ఈ సొమ్మును స్థిరమైన ఆస్తులకు, లేదా పూర్వము అట్టి ఆస్తుల కొరకు చేసిన బాండ్ల అప్పు తీర్చుటకు మాత్రమే వాడవలెను. క్రొత్త బడులు, అదనపు గదులు, పైకప్పులు, శీతలీకరణ యంత్రములు, స్థలము, బస్సులు, కంప్యూటర్లు ఇందులోకి వచ్చును. ఉపాధ్యాయుల జీతములు, కరెంటు బిల్లులు రావు. కనుక ఈ పన్నుతో కట్టిన క్రొత్త బడిలో పాఠము చెప్పే వారికి జీతము ఇచ్చుటకు వేరే నిధులు వెతుక్కొనవలసినదే. భవనము ఉన్నంత మాత్రమున బడి నడవదు కదా. చేసిన పనులకు పోగా సొమ్ము మిగిలినచో దానితో అప్పు తీర్చవలెను. అప్పు లేనిచో ఆస్తి పన్ను తగ్గించవలెను.

వసూలైన కొద్దీ ఖర్చు చేయు పద్ధతి వలన వడ్డీ మిగులును. అయితే డబ్బు నెలనెలా వచ్చును, భవనములకు మాత్రము ఒక్కసారిగా కావలెను. ఈ కారణముచే కొన్ని బోర్డులు అదే ఓటులో బాండ్లకు కూడా అనుమతి తీసుకొని, రాబోవు పన్నుతో వాటిని తీర్చుచుండును.

ఒకే కౌంటీలో నగర వ్యవస్థ కూడా ఉన్నచో సొమ్ము పంచుకొనుటలో చిక్కు వచ్చును. కాబ్ కౌంటీలో మేరియెట్టా, గ్విన్నెట్ కౌంటీలో బ్యుఫర్డ్ నగరములకు వేరు బోర్డులు కలవు. పూర్వము అన్ని బోర్డులు కలిసి ఒప్పుకొంటేనే ఓటు జరిగేది కనుక చిన్న నగర బోర్డు కూడా పనిని ఆపగలిగేది. 2018 నవంబరులో ఆమోదము పొందిన మరొక రాజ్యాంగ సవరణ ప్రకారము, కౌంటీలోని విద్యార్థులలో అధిక సంఖ్యాకులు గల వ్యవస్థ ఓటును కోరవచ్చును. వేరే ఒప్పందము లేనిచో సొమ్మును విద్యార్థుల సంఖ్యను బట్టి పంచుదురు.

పునరుద్ధరణ

పేరుకు ఇది తాత్కాలికమైన పన్ను. ఆచరణలో చాలా కౌంటీలలో 1990ల చివరి నుండి విరామము లేకుండ కొనసాగుచున్నది. కాబ్ కౌంటీలో 2013, 2017, 2021 సంవత్సరములలో వరుసగా ఓటర్లు దీనిని పునరుద్ధరించినారు. ఫుల్టన్, డెకాబ్ కౌంటీలు, అట్లాంటా నగరము 2016 మే నెలలో, మరల 2021 నవంబరులో ఆమోదించినవి. ఈ రెండవ ఆమోదముతో వసూలు కాలము 2022 జూలై నుండి 2027 జూన్ వరకు.

పాత పన్ను గడువు ముగియక ముందే ఓటు పెట్టుట ఆనవాయితీ. "పన్ను పెరగదు, ఉన్నదే కొనసాగును" అని సమర్థకులు చెప్పుటకు ఇది వీలు కల్పించును. మాట నిజమే గాని, కాదన్నచో పన్ను తగ్గునన్న సంగతి ఆ వాక్యములో కనబడదు. మార్చి వంటి మాసములలో వేరే పదవులకు పోటీ లేని ఎన్నికలలో ఓటు పెట్టినపుడు కొద్దిమందే వచ్చి నిర్ణయించుచున్నారను విమర్శ కూడా కలదు. బోర్డు ప్రభుత్వ ధనముతో ప్రచారము చేయరాదు, వివరములు తెలుపవచ్చును. ప్రచారము పౌరుల కమిటీలు చేయును.

అయినను ఓటర్లు ప్రతి పన్నుకు తల ఊపుదురని అనుకొనరాదు. 2024 నవంబరులో కాబ్, గ్విన్నెట్ కౌంటీల ఓటర్లు ప్రజారవాణా కొరకు ప్రతిపాదించిన 1 శాతపు అమ్మకపు పన్నును తిరస్కరించినారు. బడి పన్నుకు ఉన్న బలము, కట్టిన భవనము కంటికి కనబడుటయే.

బ్యాలెట్టుపై వాక్యము: రెండు ఉదాహరణలు

ఓటరు ఆమోదించేది సరిగా దేనిని? ఈ ప్రశ్న కాబ్ కౌంటీలో న్యాయస్థానము వరకు వెళ్ళినది. 2003లో అక్కడ ఆమోదించిన పన్ను ప్రయోజనములలో పాతబడిన కంప్యూటర్ల స్థానములో క్రొత్తవి పెట్టుట ఒకటి. 2005లో బోర్డు ఆ సొమ్ముతో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు సుమారు 63,000 యాపిల్ ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకము చేపట్టినది. కౌంటీ మాజీ కమిషనరు ఒకరు దావా వేసినారు. బడిలోని కంప్యూటర్లు మార్చుట వేరు, ప్రతి విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇచ్చుట వేరు, దీనిని ఓటర్లకు చెప్పలేదు అని వాదము. 2005 జూలైలో న్యాయమూర్తి ఆ వాదముతో ఏకీభవించి పథకమును ఆపినారు. ఆ మరుసటి నెలలోనే పాఠశాలల సూపరింటెండెంటు రాజీనామా చేసినారు. ల్యాప్‌టాప్ మంచిదా చెడ్డదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. చెప్పి అడిగినారా లేదా అన్నదే.

డెకాబ్ కౌంటీలో జరిగినది దీనికి తలక్రిందులు. 2021 నవంబరులో పన్ను కొనసాగుటకు అక్కడి ఓటర్లు అంగీకరించినారు. ఏ బడిని ముందు బాగుచేయవలెనన్నది బోర్డు తరువాత నిర్ణయించుకొనవచ్చును. 2022 ఫిబ్రవరిలో బోర్డు, 1920ల నాటి డ్రూయిడ్ హిల్స్ ఉన్నత పాఠశాల ఆధునీకరణను జాబితా నుండి తొలగించినది. ఏప్రిల్‌లో ఆ బడి విద్యార్థులు ఒక వీడియో తీసి ప్రచురించినారు. నీరు కారి పాడయిన గోడలు, పైకప్పులు, పిల్లలు భోజనము చేసే బల్లల వద్ద మురుగునీరు అందులో కనబడినవి. రాష్ట్ర విద్యాశాఖ జోక్యము చేసికొనినది. ఆ నెలలోనే బోర్డు తన సూపరింటెండెంటును తొలగించినది. ఆధునీకరణపై తన నిర్ణయమును కూడా తరువాత మార్చుకొనినది. ఓటు హక్కు రాని వయసు పిల్లలు, ఓటర్లు బోర్డుకు విడిచిపెట్టిన విషయమును ఇట్లు తిరిగి తెరిపించినారు.

వాక్యము మరీ బిగుతుగా ఉన్నచో అయిదేళ్ళలో మారే అవసరములకు చోటుండదు. మరీ వదులుగా ఉన్నచో ఓటరు సంతకము చేసిన ఖాళీ చెక్కు వలె అగును. పెక్కు బోర్డులు బడులవారీ జాబితాను విడిగా ప్రకటించి, ఖర్చును పరిశీలించుటకు పౌరుల కమిటీలను వేసికొనుటకు ఇదే కారణము.

భారము ఎవరిపై

అమ్మకపు పన్ను రాబడితో నిమిత్తము లేకుండ అందరిపై ఒకే రేటున పడును. జార్జియాలో ఇంటికి కొనే ఆహార పదార్థములపై రాష్ట్ర పన్ను 4 శాతము లేదు గాని, ఈ-స్ప్లాస్ట్ వంటి స్థానిక పన్నులు ఉన్నవి. వారమునకు 200 డాలర్ల బియ్యము, పప్పులు, కూరగాయలు కొనే కుటుంబము బడుల కొరకు 2 డాలర్లు చెల్లించును. సంవత్సరమునకు 104 డాలర్లు. రాబడి తక్కువైన వారికి ఇది ఎక్కువ బరువు. ఇంకొక ప్రక్క, కౌంటీ బయటి నుండి వచ్చి కొనుగోలు చేసేవారు కూడా ఇందులో భాగము పంచుకొందురు గనుక ఇంటి యజమానులపై ఒత్తిడి తగ్గును. పెద్ద దుకాణ సముదాయములు గల కౌంటీలకు ఈ మేలు అధికము. కొనుగోళ్ళకు జనము పొరుగు కౌంటీకి పోవు గ్రామీణ కౌంటీలలో పరిస్థితి విరుద్ధము: తమ ప్రజలు చెల్లించిన పన్ను పొరుగు పిల్లల బడికి చేరును.

తెలుగువారు

అట్లాంటా శివారులలోని ఫోర్సైత్, గ్విన్నెట్, ఫుల్టన్ కౌంటీలలో తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వీరిలో చాలామంది అక్కడ స్థిరపడుటకు చెప్పే మొదటి కారణము ప్రభుత్వ బడులు. వారు చేయు ప్రతి కొనుగోలులోను ఈ పన్ను ఉన్నది. అయితే జార్జియాలో ఓటు అమెరికా పౌరులకు మాత్రమే. హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయువారు, గ్రీన్‌కార్డు గలవారు ఎన్ని సంవత్సరములు పన్ను చెల్లించినను బ్యాలెట్టుపై అవును, కాదు చెప్పలేరు. అయినను బోర్డు సమావేశములలో మాట్లాడుటకు పౌరసత్వము అవసరము లేదు. పనుల జాబితా తయారగు దశలో తల్లిదండ్రులు తమ బడి అవసరములను అక్కడ చెప్పుకొనవచ్చును. పౌరసత్వము పొందినవారు ఓటరుగా పేరు నమోదు చేసికొనవలెను. సాధారణ ఎన్నికలతో కలిపి జరిపినపుడు ఈ ప్రశ్న బ్యాలెట్టులో అభ్యర్థుల పేర్లన్నిటి తరువాత చివరన ఉండును.