కవచాల లోహ భాగాలు (తెలుగు చారిత్రక చిత్రాలు)

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కేంద్రంగా తయారయ్యే చారిత్రక, జానపద చిత్రాల్లోని కవచాలకు బిగించే రివెట్లు, బకిళ్లు, కొక్కేలు, గొలుసు వలయాలు. ‘బాహుబలి’ (2015)లోని మాహిష్మతి కల్పిత రాజ్యం కనుక అక్కడ ఏ బకిలైనా చెల్లుతుంది. అదే ఏడు వచ్చిన ‘రుద్రమదేవి’కి ఆ వెసులుబాటు లేదు, అది 13వ శతాబ్దపు కాకతీయుల కథ.

కాలదోషం చిన్న వస్తువుల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. ప్లస్ గాడి స్క్రూ 1930ల నాటిది. స్టెయిన్‌లెస్ స్టీలూ 20వ శతాబ్దపుదే.

గొలుసు కవచం కిటుకంతా వలయాల కొసల్లో ఉంది. మధ్యయుగాల్లో చాలావరకు ఇనుప తీగ కొసలను చదును చేసి, బెజ్జం పెట్టి, చిన్న రివెట్టుతో బిగించేవారు. చవక నకళ్లలో కొసలను ఊరికే వంచి ఆనిస్తారు; గట్టిగా లాగితే విడిపోతాయి.

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా దాకా పేరుపొందినా, అది కత్తులకు తగినది. రివెట్టుకు మెత్తని ఇనుమే నయం, సుత్తి దెబ్బకు తల చక్కగా పరుచుకుంటుంది.

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాలు చూసి నమూనా గీసేవారు ఆ వస్తువు కాలం కూడా చూసుకోవాలి. ఛాతీ, వీపు, పక్కలకు నాలుగు పలకలు కట్టే చార్ ఆయినా మొగలుల కాలపు తొడుగు. దాన్ని రుద్రమకు తొడిగితే దాదాపు మూడు శతాబ్దాల తేడా. గుంపులో వెనక నిలబడే సైనికుడికి మాత్రం రంగు వేసిన ఫైబర్ చాలు.