ఫ్లెమింగు గ్రామపుఁ గొయ్య ఎలివేటరు

కెనడాదేశమున సస్కాచెవాను రాష్ట్రపుఁ దూర్పు పొలిమేరకుఁ జేరువను, కెనడియన్ పసిఫిక్ రైలుమార్గముపై ఫ్లెమింగను చిన్న యూరు గలదు. ఆ రాష్ట్ర మేర్పడుటకుఁ బదేండ్లు ముందే, 1895లో, లేక్ ఆఫ్ ది వుడ్స్ మిల్లింగు కంపెనీవా రిచట గోధుమల కొఱకొక కొయ్యకట్టడము నెత్తించిరి. ఇట్టి దానికి ఎలివేటరని పేరు. ధాన్యమును నిలువచేయుటయే కాక పైకెత్తుటయు దీని పనియగుటచే నీ పేరు గలిగినది.

ఆవిరియంత్రముచే నడచు తొలి ఎలివేటరును 1842లో అమెరికాలోని బఫెలో నగరమున జోసెఫ్ డార్టను వర్తకుఁడు కట్టించెను. ప్రెయిరీ మైదానముల యూళ్లలో దీని పద్ధతి యిట్టిది: రైతుబండిని తూచి గోధుమలను గోతిలోఁ బోయుదురు. చిన్న గిన్నెలు కూర్చిన పట్టా వానిని శిఖరమున కెత్తును. అచటినుండి యవి గొట్టములగుండ, రకమునుబట్టి వేఱువేఱు గాదెలలోఁ బడును. పిదపఁ దమ బరువుచేతనే రైలుపెట్టెలలోనికి జాఱును. గింజలు గోడలను వెలికి నెట్టును గావున, పలకలను బల్లపరుపుగా నొకదానిపై నొకటి పేర్చి, మేకులు దిగఁగొట్టి గోడలు కట్టెడివారు.

ఈ సౌకర్యముతోఁ గూడ రైతునకుఁ బారతంత్ర్యమును వచ్చెను. తూనిక, మట్టికిఁ దీయు తఱుగు, రకనిర్ణయము, ధర, యివి యన్నియు ఎలివేటరువారి చేతిలోనివే. రైల్వేవారును రైలుపెట్టెల నిచ్చుటలో వీరి పక్షమే వహించిరి. 1900 నాఁటి మానిటోబా ధాన్యశాసనము రైతు తన ధాన్యమును దానే రైలుపెట్టెలో నింపుకొనుటకు మార్గ మేర్పఱచెను. అయినను శాసన మొకటి, యాచరణ మొకటి. 1902లో సింటలూటా స్టేషను ఏజెంటు పెట్టెలను వంతుప్రకార మీయలేదని రైతుసంఘమువారు వ్యాజ్యము వేసి గెలిచిరి. 1911లో రైతులే సస్కాచెవాను సహకార ఎలివేటరు కంపెనీని స్థాపించిరి. కట్టడపు రూపము మాఱలేదు. త్రాసు పట్టిన చేయి మాఱెను.

1930 తరువాతి దశకమున నీ దేశమున నిట్టివి యైదువేలకుఁ బైగా నుండెను. లారీలు వచ్చి, శాఖారైలుమార్గములు మూతపడి, కాంక్రీటు కట్టడములు లేచుటతో నవి క్రమముగాఁ గూలఁద్రోయఁబడెను. ఫ్లెమింగునందలిది మాత్రము చారిత్రకకట్టడముగా రక్షింపఁబడి, కట్టినచోటనే నిలిచిన కెనడా కొయ్య ఎలివేటరులలో మిక్కిలి పాతదిగా నెన్నఁబడెను. 2010 ఫిబ్రవరి 9వ తేది నది కాలిపోయెను.

కంపెనీల చరిత్రకు వారి లెక్కపుస్తకములు సాక్ష్యము. బండితో వచ్చి త్రాసుపై నిలిచిన రైతు చరిత్రకో, యీ కొయ్యయే సాక్ష్యము. శాసనములను, దేవాలయములను వెదకు చరిత్రకారు లిట్టి కొట్లనుగూడ నవి నిలిచియుండఁగనే పరిశీలింపవలయును.